చాలు అన్నాక పడిన నీళ్లు

మా పక్క ఖాళీ స్థలంలో ఎవరో ఇల్లు కట్టుకోబోతున్నారు. నిన్న పొద్దున బోరు బండి వచ్చి నిలబడింది. చంద్రపూర్ ఎండలకు ఎలాగూ తలుపులు కిటికీలు మూసుకునే ఉంటాం. అయినా తెల్లటి రాతిపొడి ఏ సందులోంచి వచ్చిందో వచ్చి, ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ల కుండ మూత మీద, పూజగూట్లో పాండురంగడి నల్లటి భుజాల మీద సన్నగా పరుచుకుంది. కోడలు విసుక్కుంటూ తుడిచిందే తుడుస్తోంది. మధ్యాహ్నానికి ఆ పొడి తడిసింది. కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద తొలకరి చినుకు పడితే వచ్చే వాసన లాంటిదే, కాకపోతే ఇంకొంచెం లోతు నుంచి, ఎప్పుడూ గాలి సోకని చోటు నుంచి వచ్చినట్టుంటుంది తడిసిన రాతిపొడి వాసన. అది ముక్కుకు తగలగానే ఒలుస్తున్న చిక్కుడుకాయలు పళ్లెంలో వదిలేసి, కోర్పనా తాలూకాలో మా చేని గట్టు మీదికి, మా బాపు, అంటే నాన్న, తలకు తువ్వాల చుట్టుకుని కూర్చున్న ఆ పొద్దుకి వెళ్లిపోయాను.

మా ఊళ్లో సగం ఇళ్లు తెలుగువాళ్లవి, సగం మరాఠీవాళ్లవి. ఎన్ని తరాల కిందట వచ్చామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. కోపం వస్తే తెలుగులో తిట్టుకునేవాళ్లం, లెక్కలు మరాఠీలో చేసుకునేవాళ్లం. నాకు తెలుగు అక్షరాలు ఏ పంతులూ నేర్పలేదు. బాపు వాళ్లమ్మ, మేమంతా బాపమ్మ అని పిలిచే ముసలామె, అట్టలూడిన పురాణం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద నడిపించింది. ఆమె వేళ్లకు ఎప్పుడూ పసుపు, మిరపపొడి కలిసిన వాసన ఉండేది. దేవుడి పేరు వచ్చిన చోట నా వేలిని కాసేపు ఆపి, ఆ తర్వాతే ముందుకు జరిపేది.

ఎండాకాలం మాకు ఇప్పపూల వాసనతో మొదలయ్యేది. తెల్లవారకముందే పిల్లలం బుట్టలు పట్టుకుని అడవి అంచుకి పోయి, చెట్ల కింద పరుచుకున్న పూలు ఏరుకొచ్చి, దారిలో దొరికిన తునికిపండ్లు తినేసి, గింజలు ఎవరు ఎంత దూరం ఊస్తారో పందెం వేసుకునేవాళ్లం. వానలు పడితే నల్లరేగడి చెప్పుల్ని ఊడబీకేది. పోలా పండుగ వస్తే ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, ఇంటింటి ముందూ పూరన్ పోలి, అంటే బొబ్బట్లు. మర్నాడు పిల్లల పోలా, కర్రతో చేసిన బుల్లి ఎద్దుల్ని తాడు కట్టి లాక్కుంటూ ఊరేగేవాళ్లం. నా తమ్ముడి కర్ర ఎద్దుకు ఒక కాలు విరిగి ఉండేది. వాడు దాన్ని చంకలో పెట్టుకునే ఊరంతా తిరిగి, "దీనికి కాలు నొస్తుంది, ఎత్తుకున్న" అని గడప గడపకూ చెప్పేవాడు. ఆ జాలికి వాడికి అందరికంటే ఎక్కువ పోలీలు దొరికేవి.

ఇవన్నీ వానలు సక్రమంగా పడిన ఏళ్ల మాటలు. మధ్యలో వరసగా వానలు మొహం చాటేశాయి. మా బావి అడుగున బురద, బురదలో కప్పలు, తర్వాత కప్పలూ లేవు. పత్తి మొక్క మోకాలెత్తుకు రాకుండానే కాయ కాసి ఎండిపోయింది. మా అమ్మ జొన్న రొట్టె మీద పచ్చిమిరప దంచిన ఠేచా పెట్టి, "ఇయ్యాల కూర మర్చిపోయిన" అని రోజూ ఒకే మాట అనేది. బాపు ఇక బోరు వేయడం తప్ప దారి లేదన్నాడు. బోరు బండి వచ్చిన పొద్దున బాపమ్మ గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, పాండురంగా అని ఒక్క మాట అని పక్కకు జరిగింది. మిగతాదంతా మిషను చప్పుడే.

మిషను మీదున్న మనిషి మరాఠీవాడు, నాగపూర్ దిక్కు నుంచి వచ్చాడు. పొద్దున్నుంచీ బాపు అతనితో మరాఠీలోనే మాట్లాడుతున్నాడు. ఒక రాడ్డు దిగింది, ఇంకో రాడ్డు దిగింది. పొడి, పొడి, మళ్లీ పొడి. బాపు మొహం, మీసాలు, కనురెప్పలు అన్నీ తెల్లబడి, మా తాతయ్య పటంలో ఉన్నట్టు అయిపోయాడు. చూడ్డానికొచ్చిన ఊరివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. పక్క చేను దేవ్‌రావ్ కాకా ఒక్కడే మిగిలాడు. మరాఠీ మనిషి, బాపు ఈడువాడు, మా ఇంట్లో తిని తిని మా తెలుగు నేర్చుకున్నవాడు, బాపును దాదా అని పిలిచేవాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బాపు చెయ్యి పైకెత్తి, "చాలు! చాలు!" అని అరిచాడు.

ప్రాణం విసిగినప్పుడు నోటికి వచ్చేది ఇంటి భాషే కదా. కానీ మిషను మీదున్న మనిషికి అది తన భాషలా వినపడింది. మరాఠీలో చాలూ అంటే నడుస్తూ ఉండనీ అని. అతను తల ఊపి, "హో, చాలూచ్ ఆహే!" అని, అంటే నడుస్తూనే ఉంది అని బదులు అరిచి, ఇంకో రాడ్డు తగిలించాడు. బాపుకి దిగి వెళ్లి చెప్పే ఓపిక కూడా లేదు. తలకు తువ్వాల చుట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఆ రాడ్డు సగం దిగిందో లేదో, పొడి రంగు మారింది. ముందు తడి, తర్వాత బురద, తర్వాత ఒక్క ఊపున నీళ్లు చింతచెట్టంత ఎత్తుకి లేచి మా అందరి మీదా పడ్డాయి. బాపు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. దేవ్‌రావ్ కాకా ఆ నీళ్లలో గంతులేస్తూ, "దాదా చాలన్నడు, దేవుడు చాలూ అన్నడు!" అని ఊళ్లోకి పరుగెత్తాడు.

ఆ ఏడాదంతా ఊరు మా బోరును చాలు బోరు అనే పిలిచింది. మొదటి కోతకు బాపు బండెడు మిరపకాయలు ఇంటికి తెచ్చి, వాటి ముందు నిలబడి, చెప్పులు విడిచి దండం పెట్టాడు. వచ్చినవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పేవాడు: "నేనైతే చాలన్న. ఆపమన్న. మిషనోన్ని దేవుడు ఇననియ్యలే."

తర్వాత మంచి ఏళ్లు వచ్చాయి. పత్తి, కంది, మిరప ఏది వేస్తే అది పండింది. మట్టి మిద్దె తీసేసి స్లాబు ఇల్లు కట్టాం. బాపు మోటర్ సైకిల్ కొన్నాడు. దాని మీద రాజురా వెళ్లొచ్చి, బజ్జీల పొట్లం మా చేతుల్లో పెట్టేవాడు. ఆ పొట్లాల నూనె మరకలు, కొత్త ఇంటి పెయింటు వాసన, మేడ మీద పరిచిన మిరపకాయల ఘాటు, దానికి ఇల్లంతా తుమ్మడం, తుమ్మి నవ్వుకోవడం, ఇవన్నీ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కలిమి చెడ్డదని నేను ఎప్పుడూ అనుకోలేదు. అది కూడా ఆ పాండురంగడి చేతి నుంచి వచ్చిందే.

కానీ బోరు కథ మారుతూ వచ్చింది. పిల్లలం కాబట్టి ఒకే కథను ఎన్నిసార్లయినా వినేవాళ్లం, ఏ మాట తప్పినా మాకు తెలిసేది. మొదట "ఆపమన్న" అనే మాట పోయింది. కొన్నాళ్లకు "చాలన్న" కూడా పోయి, "ఇంకో రాడ్డు ఏసి చూడమన్న" అయింది. ఆ తర్వాత రాతిపొడిని వేళ్ల మధ్య నలిపి చూసినట్టూ, రంగును బట్టి నీళ్లు పసిగట్టినట్టూ కొత్త ముక్క వచ్చి చేరింది. చివరికి కథ "నాకు ముందే ఎర్క" అని మొదలయ్యేది. మా బాపు అబద్ధాలాడే మనిషి కాదు. తాను చెబుతున్నది తానే నమ్మేవాడు. ఇంకా విచిత్రం, ఆ రోజు గట్టు మీద నిలబడి కళ్లారా చూసినవాళ్లు కూడా మెల్లగా నమ్మడం మొదలుపెట్టారు. స్లాబు ఇంటి అరుగు మీద కూర్చుని చెబుతుంటే ఆ మాటకు అంత బలం వచ్చింది. చుట్టుపక్కల ఎవరు బోరు వేసినా బాపును పిలిచేవాళ్లు. ఆయన పొడి నలిపి, తల ఊపి, ఏదో ఒకటి చెప్పేవాడు. ఒకటి రెండు చోట్ల నీళ్లు పడ్డాయి కూడా. పడనిచోటు సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

నేనిప్పుడు మా కాలనీ భజన మండలిలో పోథీ, అంటే పురాణ గ్రంథం, చదువుతాను, నలుగురికీ అర్థం చెబుతాను. ఇన్నేళ్ల పారాయణంలో నాకు అర్థమైంది ఇంతే: మంచి రోజుల్లో మనిషి దేవుణ్ని ఒక్కసారిగా మర్చిపోడు. తన కథలోంచి ఆయన మాటలు ఒక్కొక్కటే తీసేసి, అక్కడ తన మాటలు పెట్టుకుంటాడు. కథ ఎక్కడా తెగదు కాబట్టి ఏం పోయిందో తెలియదు.

అలా ఉండగా ఒక ఏడు దేవ్‌రావ్ కాకా బావి పూర్తిగా ఎండింది. అంతకు ముందు ఎండాకాలం అతను వేయించిన బోరులో నీళ్లు పడక మధ్యలో ఆపేశాడు. చైత్రంలో ఒక సాయంత్రం అతను ఆ బోరు పొడిని గుడ్డలో మూటగట్టి తెచ్చి మా అరుగు మీద విప్పాడు. బాపు నలిపి చూశాడు, గాలికి ఊదాడు.

"ఇంకింత దించు. నీళ్లున్నయ్."

"పక్కా, దాదా?"

"నాకు ముందే ఎర్క. నేను చెప్తున్న గదా."

కాకా ఊరికే తల ఊపి, మూట కట్టుకుని వెళ్లిపోయాడు. అతనికి మళ్లీ బోరు బండి పిలిపించాలంటే అమ్మడానికి ఉన్నవి రెండు ఎద్దులే. తెల్లవి, ఒకదానికి నుదుటి మీద గోధుమరంగు మచ్చ. దూడలప్పటి నుంచీ పెంచాడు. వాటితోనే అతని సేద్యం, మా సేద్యం కూడా సగం వాటితోనే జరిగేది. అవి పోయి నీళ్లూ పడకపోతే అతను ఎవరి చేలోనో కూలికి పోవాలి.

అరుగు చివర పప్పు చెరుగుతున్న బాపమ్మ చాట కింద పెట్టింది. "ఏమ్రా, భూమి కడుపుల ఏమున్నదో నీకెప్పట్నుంచి ఎర్క?"

"అవ్వా, నీకు తెల్వదు. ఊకో."

"నాకు తెల్వది గాదు. నువ్వు చాలన్ననాడు నేనాడనే ఉన్న."

"గదంత పాత ముచ్చట."

"గా ముచ్చటనే గీ ఇల్లు కట్టింది, నువ్వు గాదు," అని ఆమె చాట ఎత్తుకుని లోపలికి పోయింది. బాపు ఆ పూట అన్నం సరిగా తినలేదు. కానీ ఆ మాట వెనక్కి తీసుకోవడానికి కాకా ఇంటికీ పోలేదు.

హనుమాన్ జయంతికి ముగిసేలా మా ఊళ్లో ఏటా సప్తాహం జరిగేది. ఏడు రోజులు హరినామం ఆగకూడదు. గుడి ముందు పందిరి, పందిరి నిండా మామిడాకులు, మధ్యలో వీణ. ఆ వీణ నేలకు దిగకూడదు. ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి, వంతు తర్వాత వంతు మారుతూనే ఉండాలి. మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది: తీసుకునేవాడు ఇచ్చేవాడి కాళ్లకు మొక్కాలి, ఇచ్చేవాడూ తీసుకునేవాడి కాళ్లకు మొక్కాలి. పెద్దా చిన్నా, ఇది మా కులం అది మీ కులం, చేనున్నవాడు కూలివాడు, ఏదీ లేదు. అమ్మాయిలం పందిరి అంచున నేల మీద కూర్చుని బంతిపూలు గుచ్చుతూ ఉండేవాళ్లం కాబట్టి మాకు మనుషుల మొహాలకంటే పాదాలే ఎక్కువ కనపడేవి. అలా చూసే నాకు తెలిసింది, కొన్నేళ్లుగా బాపు నడుము వంగడం తగ్గుతోందని. ఒకప్పుడు నుదురు నేలకు ఆనేది. తర్వాత చేతులు పాదాలదాకా పోయేవి. తర్వాత మోకాళ్లదాకా. ఆ ఏడు సప్తాహం ఖర్చు ఎక్కువ భాగం మాదే. ఆయన నిలబడే చెయ్యి గాల్లో ఆడించి గుండెకు తాకించుకున్నాడు.

ఆ ఏడు కీర్తన చెప్పిన మహరాజ్, హరిదాసు లాంటాయన, పాండవుల తల్లి సంగతి చెప్పాడు. యుద్ధం అయిపోయింది, రాజ్యం వచ్చింది, స్వామి ద్వారకకు బయలుదేరుతున్నాడు. అందరూ ఏదో ఒకటి కోరుకుంటుంటే ఆ తల్లి మాత్రం, ఆపదలప్పుడు నువ్వు కనపడ్డావు, అవే మళ్లీ మళ్లీ రానీ అని అడిగింది. అంత పెద్ద మనసు మాలాంటివాళ్లకు ఎక్కడిది? ఆపదలు కోరుకునే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు. కానీ ఆ తల్లి భయం మాత్రం అర్థమవుతుంది. ఆమె రాజ్యానికి భయపడలేదు, ఆ రాజ్యంలో ఆయన్ని మర్చిపోతానేమోనని భయపడింది. పందిట్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. బాపు వంటశాల దగ్గర వంకాయ కూరకు ఉప్పు చూస్తూ ఉన్నాడు.

సప్తాహం ముగింపుకు ముందురోజు మధ్యాహ్నం, బాపు వంతు అయి దేవ్‌రావ్ కాకా వంతు వచ్చింది. కాకా స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. బాపు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నుదురు ఆయన పాదాల మీద ఆనించాడు. లేవలేదు. అలాగే వంగి ఉండి మెల్లగా, దేవుడితో చెప్పుకున్నట్టు అన్నాడు: "దాదా, రేపు ఎద్దులను బజార్‌కు తోలుకపోతున్న. నీ మీదనే భరోసా."

వీణ ఆగిపోయింది.

ఏడు రోజులూ ఆగకూడని వీణ అది. తాళాలు కొడుతున్నవాళ్లు ఏమైందో అర్థంకాక నెమ్మదించారు. నా చేతిలో బంతిపువ్వు అలాగే ఉండిపోయింది. బాపు పాదాలు నాకు స్పష్టంగా కనపడుతున్నాయి. కాలి వేళ్లు చాపను గట్టిగా పట్టుకున్నాయి. ఆయన వంగి కాకాను లేపి నిలబెట్టి, తన మెడలోని వీణ తీసి కాకా మెడలో వేశాడు. తర్వాత ఆ బరువైన మనిషి నేలకు దిగి, సాగిలపడి, కాకా రెండు పాదాలూ పట్టుకున్నాడు.

"నాకేం ఎర్కలేదు దేవ్‌రావ్. అప్పుడూ ఎర్కలేదు, ఇప్పుడూ ఎర్కలేదు. నేను చాలన్న. నేను ఆపమన్న. నీ బోర్ల నీళ్లున్నయో లేవో నాకు తెల్వదు. ఎద్దులను అమ్మకు."

కాకా కంగారుగా ఒక చేత్తో వీణ, ఒక చేత్తో బాపు భుజం పట్టుకుని లేపబోయాడు. "అరే దాదా, నువ్వు చాలన్నది నాకు మాలూమ్ లేదా? ఆడనే నిలవడ్డ గదా! గని గప్పటిసంది నేర్సుకున్నవనుకున్న."

పందిరంతా ఘొల్లుమని నవ్వింది. నేల మీదున్న బాపు కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, ఆ బోరు పడిన రోజులాగే. ఆడవాళ్ల మధ్య నుంచి బాపమ్మ గొంతు వినపడింది: "నవ్వింది సాలుగని నామం అందుకోండ్రి! దేవుడు కాసుక్కూసున్నడు."

కాకా వీణ మీటాడు. బాపు ఆ వంతు అయ్యేదాకా అక్కడే, వీణ పట్టుకున్నవాడి వెనక నేల మీద కూర్చున్నాడు.

ఎద్దులు బజారుకు పోలేదు. సప్తాహం అయిన వారమే బాపు, కాకా కలిసి మా బోరు నుంచి గట్టు కోసి కాలువ తీశారు. ఒక తాప నీళ్లు మాకు, ఒక తాప వాళ్లకు. రెండు చేలకు పారేసరికి మాకు మునుపటంత మిరప పండలేదు. అమ్మ మేడ మీద మిరపకాయలు పరిచే చోటు సగానికి తగ్గింది, తుమ్ములూ తగ్గాయి. ఆ ఏడు పోలాకు కాకా తన ఎద్దుల్ని అందరికంటే ముందు మా గుమ్మానికి తోలుకొచ్చాడు. బాపు వాటికి పూరన్ పోలి తినిపించి, గిట్టలకు నీళ్లు పోసి, నుదురు ఆనించాడు. మచ్చ ఉన్న ఎద్దు ఆయన తువ్వాల కొస నమిలేసింది. తర్వాత బాపు ఉన్నన్ని రోజులూ ఎవరు బోరు కోసం పిలిచినా, "నేను వస్త, దండం పెట్టుకుంట, గంతే. రాయి సంగతి నాకు తెల్వదు" అనేవాడు. కథ మళ్లీ "నేనైతే చాలన్న" అనే మొదలయింది.

ఇప్పుడు ఆ మనుషులెవరూ లేరు. బాపమ్మ, కాకా, బాపు, అందరూ పాండురంగడి దగ్గరికి చేరారు. మా చేను, కాకా చేను, మధ్యలో కాలువ, అన్నీ సున్నపురాయి గనిలోకి పోయాయి. సప్తాహం ఏడు రోజుల నుంచి మూడు రోజులకు వచ్చింది. రాత్రిపూట వంతులకు మనుషులు దొరక్క మైకులో నామం పెట్టి వదిలేస్తున్నారు. ఇప్పపూలు ఏరే పిల్లలు లేరు, ఎద్దులున్న ఇళ్లూ తక్కువే, పోలాకు ట్రాక్టర్లకు బొట్టు పెడుతున్నారు.

పోయిన నెల ఊరికి వెళ్తే తమ్ముడు నన్ను గని చూపించడానికి తీసుకెళ్లాడు. వాడికిప్పుడు లారీలున్నాయి, నలుగురికి పని ఇస్తున్నాడు, బాగున్నాడు. రాయి తీసేసిన పెద్ద గుంతలో నీళ్లు నిండి, ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. మా చేను ఏ మూలన ఉండేదో కూడా పోల్చుకోలేకపోయాను. అక్కడే తమ్ముడి పరిచయస్తుడు ఒకాయన, చంద్రపూర్ నుంచి పని మీద వచ్చినవాడు, మాట కలిపాడు.

"భావూ, చేను పోతే అందరు ఆగమైన్రు. నువ్వు ఒక్కనివే గింత ఎట్ల ఎదిగినవ్?"

తమ్ముడు చొక్కా సర్దుకుని, కొంచెం ఛాతీ విరుచుకుని, "నాకు ముందే ఎర్క..." అన్నాడు.

అని ఆగిపోయాడు. గాలికి నీళ్లు కొంచెం కదిలి మళ్లీ నిలిచాయి. వాడు వాటినే చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు.

"ఏం ఎర్కలేకుండె. లారీలు నా తోటి గాదని వద్దంటనే ఉంటి. దేవుడు ఇననియ్యలే."